అస్తిత్వవాద చికిత్స: చదివినదాన్ని కౌన్సెలింగ్ గదిలోకి తెచ్చుకోవడం ఎలా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇది. మీరు కౌన్సెలింగ్ సైకాలజీలో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నారు. అస్తిత్వవాద చికిత్సలో పేరున్న మనోవైద్యులు యాలమ్, ఫ్రాంకల్ రచనలను శ్రద్ధగా చదివారు. తండ్రి పోయి ఏడు నెలలైన ఇరవయ్యారేళ్ల ఉద్యోగి ఒకరు ప్రాక్టికమ్‌లో, అంటే పర్యవేక్షణలో చేసే శిక్షణలో, మీ దగ్గరకు వచ్చారు. రెండో సెషన్లో మీరు ఆయనను "మీ మరణం గురించి ఎప్పుడైనా ఆలోచించారా?" అని అడిగారు. ఆయన కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండిపోయి, మిగతా అరగంటా ఆఫీసు సంగతులు చెప్పి వెళ్లిపోయారు. "ఇందులో మీరు వాడిన టెక్నిక్ ఏమిటి?" అని మీ సూపర్‌వైజర్ అడిగితే మీకు జవాబు తోచలేదు. మరణం, స్వేచ్ఛ వంటి మౌలికమైన ప్రశ్నల వెలుగులో మనిషి బాధను వినే ఈ పద్ధతిని ఆచరణలో పెట్టడం ఎలా నేర్చుకోవాలి, కర్మనూ తలరాతనూ నమ్మే మన కుటుంబాలకు ఇది సరిపడుతుందా అన్నవి మీ రెండు సందేహాలు.

మీరు అడిగిన ప్రశ్నలో దోషమేమీ లేదు. అయితే అది మీరు చదివిన పుస్తకంలో నుంచి వచ్చింది, ఎదురుగా కూర్చున్న మనిషి మాటల్లో నుంచి రాలేదు. ఇరవై ఏళ్లకు పైగా ఈ పని చేస్తూ, కొన్నేళ్లుగా విద్యార్థుల సెషన్లను పర్యవేక్షిస్తున్న అనుభవంతో చెబుతున్నాను, ఈ పద్ధతిని ఇష్టపడి వచ్చేవారిలో ఎక్కువమంది మొదట తడబడేది ఇక్కడే. మరణం, స్వేచ్ఛ, ఏకాకితనం, అర్థరాహిత్యం అనే నాలుగు మౌలికమైన చింతలను యాలమ్ 1980లో వెలువరించిన గ్రంథంలో వివరించారు. ఆ నాలుగూ కౌన్సెలర్ చెవికి పదును పెట్టడానికి ఉద్దేశించినవి. వాటిని ప్రశ్నావళిగా మార్చి ఒక్కొక్కటే అడగడం మొదలుపెడితే, క్లయింటుకు తత్వశాస్త్రం పరీక్ష రాస్తున్నట్టు ఉంటుంది. మనిషి తన చావు గురించి మాట్లాడేటప్పుడు తరచుగా "చావు" అనే మాటే వాడడు. తండ్రి బీరువా తాళాలు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయో చెబుతాడు, అమ్మకు ఒంటరిగా బ్యాంకుకు వెళ్లడం రాదని చెబుతాడు, తనకు కూడా ఈ మధ్య బీపీ చూపించుకోవాలనిపిస్తోందని చెబుతాడు. అది విని గుర్తుపట్టడమే మన పని.

మీ సూపర్‌వైజర్ అడిగిన టెక్నిక్ సంగతి తేలాలంటే, అస్తిత్వవాద చికిత్స అనేది ఒకే సంప్రదాయం కాదని మొదట గుర్తుంచుకోవాలి. స్విట్జర్లాండ్‌లో బిన్స్‌వాంగర్, ఆయన తర్వాత మెడార్డ్ బాస్ అనే మనోవైద్యులు జర్మన్ తత్వవేత్త హైడెగర్ ఆలోచనలను మనోవైద్యంలోకి తెచ్చారు. 1959 నుంచి పదేళ్లపాటు హైడెగర్ స్వయంగా జోలికాన్‌లోని బాస్ ఇంటికి వచ్చి వైద్యులకు పాఠాలు చెప్పారు. ఈ శాఖవారు టెక్నిక్ అనే మాటనే అనుమానంగా చూశారు. అమెరికాలో 1958లో రోలో మే మరో ఇద్దరితో కలిసి తెచ్చిన సంకలనంతో ఈ ఆలోచన అక్కడికి చేరింది. బ్యూజెంటల్, యాలమ్ ఆ దారిలోనివారు. వియన్నాలో ఫ్రాంకల్ నిర్మించిన లోగోథెరపీ, అంటే జీవితంలో అర్థాన్ని కేంద్రంగా పెట్టుకున్న చికిత్స, వేరు. దానికి పేర్లున్న టెక్నిక్కులున్నాయి, దిశ చూపించే ధోరణి కూడా ఎక్కువ. బ్రిటన్‌లో ఎమ్మీ వాన్ డ్యూర్జెన్, ఎర్నెస్టో స్పినెల్లి వంటివారు ఫినామినాలజీని, అంటే అనుభవాన్ని ఉన్నదున్నట్టు వర్ణించే పద్ధతిని కేంద్రంగా పెట్టుకున్నారు. విద్యార్థులు వీటన్నిటినీ ఒకే సంచిలో వేసుకుని సెషన్‌కు వెళతారు కాబట్టే, ఏం చేశారని అడిగితే చెప్పలేకపోతారు. మొదటి రెండేళ్లూ బ్రిటిష్ శాఖలోని వర్ణనా పద్ధతినే పట్టుకోమని నా విద్యార్థులకు చెబుతాను, ఎందుకంటే అందులో నేర్చుకోదగిన, సాధన చేయదగిన, సూపర్‌వైజర్‌కు చూపించదగిన క్రమశిక్షణ ఉంది.

ఫినామినాలజీకి ఆద్యుడైన హుస్సర్ల్ తత్వం నుంచి తీసుకుని స్పినెల్లి వివరించిన ఆ క్రమశిక్షణలో మూడు నియమాలున్నాయి. మన నమ్మకాలనూ సిద్ధాంతాలనూ కాసేపు పక్కన పెట్టడం మొదటిది. కారణాలు వెతకకుండా అనుభవాన్ని వర్ణించమనడం రెండోది. చెప్పినవాటిలో ఏది ముఖ్యం, ఏది కాదు అని మనమే తొందరపడి తేల్చకుండా అన్నిటికీ సమాన విలువ ఇవ్వడం మూడోది. వినడానికి తేలికగానే ఉంటాయి గానీ, మూడో నియమం ఎంత కష్టమో మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. ఆయన ఆఫీసు సంగతులు చెప్పాడని ఒక్క ముక్కలో తేల్చేసి, ఆ మధ్యలో మీరే ఒక వాక్యం రాశారు: "ఒంటిగంటకు అందరూ లంచ్‌కు వెళతారు, తను మాత్రం సీట్లోనే ఉండిపోతానన్నాడు." ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. దాని వెనుక ఏముందో నాకు తెలియదు, ఊహించడం కూడా ఇష్టం లేదు. తండ్రి ఆ వేళకు ఫోన్ చేసేవారేమో, నలుగురి మధ్య తినడం ఇబ్బందిగా ఉందేమో, ఇంటి నుంచి డబ్బా రావడం మానేసిందేమో, లేదా నిజంగా పని ఎక్కువగా ఉందేమో. "ఒంటిగంటకు సీట్లో కూర్చున్నప్పుడు ఎలా ఉంటుందో కొంచెం చెప్పండి" అని అడిగి ఉంటే, మీ పెద్ద ప్రశ్న వెళ్లలేని చోటికి ఈ చిన్న ప్రశ్న వెళ్లి ఉండేది. మీరు తప్పించుకోవడం అనుకున్న ఆ అరగంటలోనే ఆయన మీకు కొంత చెప్పి ఉండవచ్చు.

ఇక్కడ నా సొంత పొరపాటు ఒకటి చెప్పాలి. గుర్తుపట్టే వివరాలు మార్చి చెబుతున్నాను. వృత్తిలోకి వచ్చిన మూడో ఏట, యాభై దాటిన ఒక గృహిణి వచ్చారు. పిల్లలిద్దరూ అమెరికాలో స్థిరపడ్డారు, భర్త రిటైరయ్యారు. ఆమె ఫిర్యాదు ఒక్కటే, "ఏమీ తోచడం లేదమ్మా." నేను అప్పటికి అర్థరాహిత్యం గురించి చాలా చదివి ఉన్నాను. రెండో సెషన్లోనే "ఇన్నాళ్లూ వాళ్లకోసం బతికారు, ఇక మీకోసం మీరు ఏం చేసుకోవాలనుకుంటున్నారు?" అని అడిగాను. ఆమె తల ఊపారు, గుడికి వెళతానన్నారు, సంగీతం క్లాసుల గురించి వాకబు చేస్తానన్నారు. తర్వాత రెండు వారాలు రాలేదు. మూడో వారం వచ్చినప్పుడు, నా సూపర్‌వైజర్ చెప్పినట్టు, ఏమీ సూచించకుండా ఉదయం నుంచి ఏం జరుగుతుందో చెప్పమన్నాను. ఆమె చీర చెంగు అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చెప్పారు: "అయిదింటికి మెలకువ వచ్చేస్తుంది. ముప్పై ఏళ్లు అయిదింటికే లేచాను కదా, నాలుగు క్యారియర్లు కట్టాలి. ఇప్పుడూ లేస్తాను. స్టవ్ దగ్గరకు వెళ్లి నిలబడతాను. వెలిగించను. అట్లా నిలబడి ఉంటాను."

ఎంతసేపు అని అడిగాను. "తెల్లవారేదాకా" అన్నారు. ఆ తర్వాత ఇద్దరం కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. అంతకు ముందు సెషన్లో నేను ఆమెకు అర్థం వెతికి పెట్టబోయాను. వెలగని స్టవ్ ముందు ఆమె నిలబడే గంటను నేను చూడనే లేదు. అక్కడి నుంచి మూడు నెలలు పనిచేశాం. నాలుగు క్యారియర్లు కట్టడం బరువు అనుకున్న రోజులను, వాటిని ఇప్పుడు తాను కోరుకుంటున్నందుకు కలిగే సిగ్గును, ఇంట్లో ఉన్న భర్తతో మాట్లాడటానికి మాటలే లేకపోవడాన్ని ఆమె తన మాటల్లో చెప్పుకున్నారు. సంగీతం క్లాసులకు ఆమె ఎప్పుడూ వెళ్లలేదు. ఉదయం టీ మాత్రం ఇద్దరికీ కలిపి పెట్టడం మొదలుపెట్టారు. అది నా సలహా కాదు.

ఈ సందర్భంగా భాష గురించి కాస్త వివరంగా చెప్పాలనుకుంటున్నాను. మనం ఇంగ్లీషులో చదివి తెలుగులో పనిచేస్తాం, ఆ దూరాన్ని పాఠ్యపుస్తకాలు పట్టించుకోవు. భయానికి ఒక వస్తువు ఉంటుందని, ఆందోళనకు అలాంటి వస్తువు ఉండదని 1844లోనే డెన్మార్క్ తత్వవేత్త కీర్కెగార్డ్ విడదీశారు. ఆ విభజన మన మాటల్లో ఇప్పటికే ఉంది. కుక్కంటే భయం వేస్తుంది, ఎవరూ లేని సాయంత్రం ఊరికే గుబులుగా ఉంటుంది. బెంగ మనిషి మీద పెట్టుకుంటాం, దిగులు దేనిమీదా పెట్టకుండానే వచ్చి కూర్చుంటుంది. తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవారు రంది అంటారు, మనాది అంటారు, బుగులు అంటారు. వీటన్నిటినీ కేస్ షీట్లో "ఆంగ్జయిటీ" అని ఒకే మాటగా రాసేసిన క్షణంలో సగం సమాచారం పోతుంది. క్లయింటు ఏ మాట వాడారో అదే మాట రాయండి, అదే మాటతో తిరిగి అడగండి. "మనాది పట్టుకున్నదన్నారు కదా, అది పట్టుకున్నప్పుడు ఎట్లుంటది?" అని అడిగితే వచ్చే జవాబు, తీవ్రతను పది మార్కులకు చెప్పమంటే రాదు.

స్వేచ్ఛ, బాధ్యతల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. "చేయలేను" అన్న క్లయింటుచేత "చేయను" అనిపించి, అందులోని తన ఎంపికను గుర్తించేలా చేయమని పాశ్చాత్య గ్రంథాల్లో ఒక సూచన కనిపిస్తుంది. తెలుగులో ఆ రెండు మాటలకూ తేడా ఒక్క అక్షరమే కాబట్టి ఈ ప్రయోగం చేయడానికి మనసు ఉబలాటపడుతుంది. కానీ అత్తవారింట్లో దెబ్బలు తింటూ, చేతిలో రూపాయి లేకుండా ఉన్న ఆమె "బయటికి రాలేను" అంటే, అది ఆత్మవంచన కాదు, వాస్తవం. ఫ్రెంచ్ తత్వవేత్త సార్త్ర్ స్వేచ్ఛ గురించి చెప్పినచోటే మనం ఎంచుకోని పరిస్థితుల గురించి కూడా చెప్పారు. ఆ రెండో సగాన్ని వదిలేస్తే ఈ చికిత్స క్రూరంగా మారుతుంది. అలాగే "నాకు కోపం వచ్చింది", "ఏడుపొచ్చింది" అనే వాక్యాలను బాధ్యత నుంచి తప్పుకోవడంగా అర్థం చేసుకోకండి. తెలుగులో భావాలు మనకు వస్తాయి, వేస్తాయి, పుడతాయి. అది మన వ్యాకరణం. వినవలసినది "చేయాల్సి వచ్చింది", "తప్పలేదు" వంటి మాటలు పదేపదే వచ్చే చోటును. అప్పుడు కూడా సరిదిద్దకుండా, "తప్పలేదు అన్నప్పుడు మీ ముందు ఇంకేం ఉన్నాయి?" అని నెమ్మదిగా అడిగితే చాలు.

తలరాత గురించిన మీ రెండో సందేహానికి జవాబు దీనిలోనే ఉంది. మన నమ్మకాలను పక్కన పెట్టాలన్న నియమం, క్లయింటు నమ్మకం పట్ల మన అపనమ్మకానికి కూడా వర్తిస్తుంది. "అంతా రాత" అనే మాట ఒకరి నోట నిస్పృహ కావచ్చు, మరొకరి నోట ఊరట కావచ్చు, ఇంకొకరి నోట ఇక మాట్లాడటం ఇష్టం లేదన్న సంకేతం కావచ్చు. అది ఏదో తెలుసుకోవాలంటే "అంతా రాత అనుకున్నప్పుడు మీకు లోపల ఏమవుతుంది?" అని అడగడం ఒక్కటే దారి. వాన్ డ్యూర్జెన్ మనిషి జీవితాన్ని భౌతిక, సామాజిక, వ్యక్తిగత, ఆధ్యాత్మిక లోకాలుగా చూసినప్పుడు, నాలుగో లోకంలో మతమే ఉండాలని గానీ ఉండకూడదని గానీ అనలేదు. మీ క్లయింటు విషయంలో ఇది నేరుగా పనికొస్తుంది. పెద్ద కొడుకుగా తలకొరివి పెట్టి, పెద్దకర్మదాకా బంధువుల భోజనాలు, పంతులుగారి జాబితా, మృత్యు ధ్రువపత్రం కోసం తిరగడం అన్నీ చూసుకున్నవాడికి ఏడవడానికి తీరిక దొరికిందా? ఏటిసూతకం పాటించే ఇల్లయితే ఈ ఏడు నెలల్లో పండుగలకు, పెళ్లిళ్లకు ఆయన ఎక్కడ ఉన్నాడు? ఆచారాలు కొందరికి దుఃఖాన్ని మోసే చేతులవుతాయి, కొందరిని నలుగురిలోనే ఒంటరిని చేస్తాయి. ఇతని విషయంలో ఏది జరిగిందో ఇతను చెబితేనే తెలుస్తుంది.

ఫ్రాంకల్ పద్ధతిని అనుకరించే ముందు కూడా ఆగాలి. భార్య పోయి రెండేళ్లయినా తేరుకోలేని ఒక వృద్ధ వైద్యుణ్ణి ఆయన, "మీరే ముందు పోయి ఉంటే ఆమె ఏమయ్యేది?" అని అడిగిన సంఘటన మీరు చదివే ఉంటారు. ఆమె ఎంతో బాధపడేదని వైద్యుడు చెప్పడం, ఆ బాధను మీరు ఆమెకు తప్పించారని ఫ్రాంకల్ అనడం, ఆయన చేయి కలిపి వెళ్లిపోవడం మరచిపోలేని ఘట్టం. ఆ ప్రశ్నను మూడో సెషన్లో వాడిన విద్యార్థులను నేను చూశాను. ఒక తల్లి "అయితే నా కొడుకు పోవడమే మంచిదంటారా?" అని లేచి వెళ్లిపోయింది. నాజీ శిబిరాల్లో తన వాళ్లను పోగొట్టుకుని వచ్చిన ఒక వైద్యుడు, ఇంకో వైద్యుడితో అన్న మాట అది. అర్థం అనేది మనం అందించే వస్తువైన మరుక్షణం ఓదార్పు మాట అవుతుంది, ఓదార్పు మాటలు చెప్పడానికి మీ క్లయింటు ఇంటినిండా చుట్టాలున్నారు.

ఇవన్నీ చెప్పాక, తేలికగా తీసుకోకూడని విషయం ఒకటుంది. "బతకడంలో అర్థం లేదు" అన్న ప్రతి మాటా తాత్వికమైనది కాదు. నిద్ర పట్టడం లేదా, ఆకలి పోయిందా, బరువు తగ్గారా, వారాల తరబడి దేనిమీదా ఆసక్తి లేదా, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా, దానికి ఏమైనా దారి ఆలోచించి పెట్టుకున్నారా అని సూటిగా అడిగి తీరాలి. అలా అడిగితే ఆ ఆలోచన పుట్టిస్తామన్న భయం అక్కర్లేదు. ఈ లక్షణాలుంటే మనోవైద్యునికి చూపించాలి, అదే రోజు సూపర్‌వైజర్‌కు చెప్పాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 క్లయింటు దగ్గర ఉండేలా చూడాలి. అందులో తెలుగులో మాట్లాడవచ్చు. డిప్రెషన్‌ను అస్తిత్వ సంక్షోభం అని గౌరవించి మందులు ఆలస్యం చేయడం నేరం లాంటిదని నా గట్టి అభిప్రాయం. రెండూ కలిసి ఉండవచ్చు, అప్పుడు రెండింటికీ సహాయం అందాలి.

కేస్ రిపోర్టులో ఆధారాల గురించి రాయవలసి వస్తే నిజాయితీగా రాయండి. 2015లో వోస్, క్రెయిగ్, కూపర్ ప్రచురించిన మెటా అనాలిసిస్‌లో, అంటే అనేక అధ్యయనాల ఫలితాలను కలిపి చూసిన పరిశీలనలో, అర్థాన్ని కేంద్రంగా చేసుకున్న చికిత్సలకు మంచి ఫలితాలు కనిపించాయి గానీ, మిగతా శాఖలకు ఆధారం తక్కువగానే దొరికింది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రంలో బ్రైట్‌బార్ట్ బృందం ముదిరిన క్యాన్సర్ ఉన్నవారికోసం ఫ్రాంకల్ ఆలోచనల ఆధారంగా రూపొందించిన చికిత్సకు నిర్ణీతమైన సెషన్లున్నాయి, బృందంలో ఎనిమిది, వ్యక్తిగతంగా ఏడు. క్రమబద్ధంగా ఉన్న నమూనా ఒకటి చూడాలనిపిస్తే అది చదవండి.

ఇక సాధన. ప్రతి సెషన్ అయ్యాక వెంటనే పదిహేను నిమిషాలు కేటాయించి, గుర్తున్నంతవరకు క్లయింటు మాటలను ఆయన మాటల్లోనే రాయండి, సారాంశం రాయకండి. మీరు అన్న మాటలను పక్కన ఇంకో రంగులో రాయండి. తర్వాత మీ మాటలు ఒక్కొక్కటీ చూస్తూ, ఇది వర్ణించమనడమా, వివరించడమా, ఓదార్చడమా, దారి మళ్లించడమా అని గుర్తు పెట్టుకోండి. మొదట్లో ఓదార్పులే ఎక్కువ కనిపిస్తాయి, దానికి బెంబేలు పడనక్కర్లేదు. ఏ మాట దగ్గర మీకే గుండె బరువెక్కిందో, ఎక్కడ గడియారం వైపు చూశారో అది కూడా రాయండి. రెండో సెషన్లోనే మరణం గురించి అడగాలని మీకు ఎందుకు అనిపించిందో ఆ కాగితం చెప్పవచ్చు. మీ ఇంట్లో ఈ మధ్య ఎవరైనా పోయారా అని నేను అడగను, కానీ మీ సూపర్‌వైజర్‌తో గానీ, మీ సొంత కౌన్సెలర్‌తో గానీ ఆ సంగతి మాట్లాడటం ఈ చదువులో భాగమే. విద్యార్థి దశలో స్వయంగా థెరపీకి వెళ్లడాన్ని మన దగ్గర చాలా కోర్సులు తప్పనిసరి చేయలేదు. ఈ పద్ధతి ఎంచుకున్నవారు మాత్రం వెళ్లాలనే నేను అంటాను.

మీ సూపర్‌వైజర్‌కు వచ్చే వారం ఇలా చెప్పవచ్చు: "నేను వర్ణనా పద్ధతిని వాడాలనుకున్నాను, కానీ రెండో సెషన్లో నా సిద్ధాంతాన్ని పక్కన పెట్టలేకపోయాను. ఆయన చెప్పిన ఒక విషయాన్ని వదిలేశాను. ఈసారి దాని దగ్గరకు వెళతాను." దీనికి ఏ సూపర్‌వైజరూ అభ్యంతరం చెప్పరు. క్లయింటుకు కూడా క్షమాపణల ఉపన్యాసం అవసరం లేదు. "పోయినసారి నేనొక ప్రశ్న అడిగాను, అది మీకు ఎలా అనిపించిందో తెలుసుకోవాలని ఉంది" అని మొదలుపెట్టండి. ఆయన ఇబ్బందిగా ఉందంటే అదే వినండి, ఫర్వాలేదంటే అంతటితో వదిలేయండి. ఆ తర్వాత, వీలు చూసుకుని, ఆ ఒంటిగంట గురించి అడగండి.